పూల బోర్డరు

కరెంటు నాలుగింటికి ఇస్తారన్నాడు గణేష్‌బాబు, నాలుగంటే నాలుగని కాదు, వాళ్ళ దయ మన ప్రాప్తం అని కూడా అన్నాడు, అనేసి అట్టముక్కతో విసురుకోవడంలో పడ్డాడు, ఇంటర్నెట్ సెంటరు పెట్టుకున్నవాడికి కరెంటు లేకపోతే విసురుకోవడం తప్ప ఇంకేం పని ఉంటుంది పాపం, వీరవేణి మాత్రం మూడో నంబరు కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. లేస్తే ఎవరైనా వచ్చి కూచుంటారేమోనని భయం. ఎవరొస్తారు, కరెంటు లేని కంప్యూటరు ముందు కూచోవడానికి పనీపాటా లేనివాడైనా రాడు, ఆ సంగతి తెలుసు, తెలిసినా లేవలేదు. ఆరిపోయిన మానిటర్లో తన మొహమే కనిపిస్తోంది, పొద్దున ఇంటర్వ్యూ కోసమని అద్దుకున్న పౌడరు చెమటకి చారలు కట్టి, బొట్టుబిళ్ళ పక్కకి జారి, గాలి సోకిన దానిలా. ఈ గాజు వెనకాల, కాళ్ళ దగ్గరున్న ఆ డబ్బాలో, సీ డ్రైవులో, మై డాక్యుమెంట్స్‌లో, వేణి అనే ఫోల్డర్లో నాన్న ఫొటో ఉంది. ఉండాలి. నాన్నది ఇంకో ఫొటో ఈ భూమ్మీద లేదు. లేదన్న సంగతి ఈ పొద్దుటి దాకా తనకి తెలియదు, ఇంటర్నెట్‌లో ఉందిగా అనుకుంది, ఇంటర్నెట్ అంటే ఎక్కడో పైన చెక్కు చెదరకుండా ఉంటుందనుకుంది, కాకినాడలో డిగ్రీ చదివి మరీ అలా అనుకుంది. బయట మెయిన్ రోడ్డు మీద జనరేటర్లు డబడబమంటున్నాయి, బట్టల కొట్టుకి ఉంది జనరేటరు, మందుల కొట్టుకి ఉంది, గణేష్‌బాబుకి లేదు. ప్లైవుడ్ గది ఊపిరాడనివ్వడం లేదు. గోడ మీద ఎవడో బాల్‌పెన్నుతో పావని అని రాసి చుట్టూ గుండె గీశాడు, ఈ పావని ఎవరో, వాడెవడో, వాళ్ళకేమైందో, అనుకుంది వీరవేణి, అనుకుంటూనే ఇప్పుడు నాకెందుకు వాళ్ళ గొడవ అని తనని తానే తిట్టుకుంది.

పొద్దున ఇంటర్వ్యూ చేసిన జానకిరామ్ గారు మంచాయనే, ఆయన్ని అనడానికేం లేదు. భానుగుడి దగ్గర మేడ మీద రెండు గదుల ఆఫీసు, వెబ్ డిజైనర్లు కావాలని పేపర్లో చిన్న ప్రకటన, వెళ్ళి కూచుంటే మీ సర్టిఫికెట్లు తరవాత చూద్దాం, ముందు మీ సైటు అడ్రసు చెప్పండమ్మా అన్నాడు. చెప్పింది. ఆ పొడుగాటి అడ్రసు తడబడకుండా చెప్పింది, డబ్బుల్లేకుండా సైటుకి చోటిచ్చే కంపెనీది కదా, అడ్రసు కూడా చేంతాడంత ఉంటుంది. పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగింది. ముందు పసుపు రంగు పరుచుకుంది. తరవాత వీరవేణి అన్న పేరు కుడి నుంచి ఎడమకి పరిగెత్తింది, అది పరిగెడుతుంటే తనకి లోపల గర్వంగానే ఉంది, చెప్పుకుంటే సిగ్గుచేటు గాని. నా చదువు, నా ఊరు, నా పని అని కింద గీత గీసిన మూడు మాటలు, నొక్కితే తెరుచుకునేవి. ఆ కింద గులాబీలు వచ్చాయి, చిన్న చిన్న గులాబీలు ఒకదాని పక్కన ఒకటి, నాలుగు వైపులా చదరంగా, ఎర్రగా, మెరుస్తూ. మధ్యలో ఏమీ రాలేదు. ఇంకా వస్తుందిలే, ఫొటో కదా బరువుంటుంది అనుకుంది. రాలేదు. తెల్ల డబ్బా, దాని మూలన చిన్న ఎర్ర ఇంటూ గుర్తు, డబ్బా చుట్టూ గులాబీలు, కింద ఇంగ్లీషులో ఈయన కనబడితే దయచేసి కబురు చేయండి అని తను రాసిన వాక్యం. జానకిరామ్ గారు గులాబీలు చూశాడు, డబ్బా చూశాడు, వాక్యం చదివాడు.

"ఎవరు కనబడితేనమ్మా?"

"మా నాన్నగారండి."

"ఏరీ, లేరే ఇక్కడ?"

అయ్యో ఆ మాటకి ఆయన తప్పేముంది. లోపలి కోడు తెరిచి, వేలు పెట్టి చూపించాడు, చదువు చెప్పే మాస్టార్లు చూపించినట్టు. ఇదిగోనమ్మా, ఫొటో అడ్రసు మీరు కూచున్న మిషన్‌ది ఇచ్చారు, సీ డ్రైవని ఉంది చూడండి. మీరు అదే మిషన్ మీద చూసినన్నాళ్ళూ మీకు కనిపిస్తుంది. ఇంకో మిషన్ మీద ఎవరికీ కనిపించదు. ఫొటోని కూడా విడిగా పైకి పంపాలి. కొత్తలో అందరూ చేసే పనేలెండి, నేనూ చేశాను. పూలు ఎలా కనిపిస్తున్నాయండీ మరి, అని అడిగింది. పూలు ఇంకొకళ్ళ సైటులోంచి తెచ్చుకుని వాళ్ళ అడ్రసే పూర్తిగా ఇచ్చారు కదా, అందుకని అన్నాడు. ఆ తరవాత ఇంకా ఏవేవో అన్నాడు, కోడంతా చేత్తో రాశారా, శుభ్రంగా ఉంది, ఫస్టు తారీకు నుంచి వచ్చెయ్యండి అన్నాడు. ఉద్యోగం వచ్చింది. మెట్లు దిగుతుంటే మనసు ఉద్యోగం మీద లేదు. ఇన్నాళ్ళూ నాన్న ఎవరికీ కనిపించలేదు. పూలు మాత్రం లోకమంతా చూసింది.

అసలు ఈ సైటు ముచ్చట మొదలుపెట్టింది గణేష్‌బాబే. కాలేజీ వదిలాక ఇంటికెళ్ళే ఉప్పాడ బస్సుకి టైముంటే వచ్చి కూచునేది, ఆయన దగ్గరున్న లావు పుస్తకంలోంచి ట్యాగులు చూసి రాసుకునేది. పుస్తకం చదివితే ఈత రాదమ్మా, నీళ్ళలో దిగాలి, నీ గురించి నువ్వే ఒక సైటు కట్టుకో, రేపు ఉద్యోగానికెళితే కాగితాల కట్ట మోసుకెళ్ళక్కర్లేదు, అడ్రసు చెబితే చాలు అన్నాడు. మిగతా కుర్రాళ్ళందరూ సినిమా హీరోల సైట్లు కడుతున్నారు, తనకేమో తన గురించి కట్టుకోమని చెప్పాడు, తన గురించి ఏముంది కట్టడానికి. పేరు రాసింది. పుట్టినతేదీ రాసింది. హాబీలు అన్నచోట పుస్తకంలో ఉన్నట్టే పాటలు వినుట అని రాసింది, రేడియో సముద్రపు హోరుకి వినపడి చస్తేగా. నా పని అన్న పేజీలో రాయడానికి ఒక్క ముక్క లేక పార పట్టుకుని మట్టి తవ్వే మనిషి బొమ్మ పెట్టింది, పని జరుగుతున్నది అని, ఆ మనిషి ఇప్పటికీ తవ్వుతూనే ఉన్నాడు. కాని ఆ రాయడం ఎంత బాగుండేది. తెరిచిన ప్రతిదాన్నీ మూయాలి, ఒక్కచోట మూయడం మరిచిపోతే ఆ కిందున్న అక్షరాలన్నీ లావెక్కిపోయేవి, గణేష్‌బాబు వచ్చి చూసి ఏమ్మా వీరవేణి, అక్షరాలకి బోదకాలొచ్చిందా అనేవాడు, నవ్వుకునేవాళ్ళు. మధ్యకి రమ్మంటే మధ్యకి వచ్చి నిలబడేది మాట. ఎర్రగా ఉండమంటే ఎర్రగా ఉండేది. ఇంటి దగ్గర ఎవరు వింటారు తన మాట, సముద్రం వినదు, బస్సువాడు వినడు, అమ్మ అసలే వినదు, ఇక్కడ చెప్పింది చెప్పినట్టు జరిగేది, పుట్టి బుద్ధెరిగాక అలా జరగడం అదే మొదలు. రాసిందంతా తీసుకెళ్ళి తెల్ల గడిలో అతికించి బొత్తాం నొక్కితే అయిపోయేది. పంపించావా అనేవాడు, పంపించానండి అనేది. ఫొటో కూడా పంపాలని ఆయనకి మాత్రం తెలిస్తేగా చెప్పడానికి, తెలిసినంత చెప్పాడు పాపం. ఎప్పుడొచ్చినా మూలనున్న ఈ మూడో నంబరే అడిగేది, ఇందులోనే తెరిచేది, తెరిస్తే పూల మధ్య నాన్న నవ్వేవాడు.

నవ్వేవాడా? నవ్వని మొహమేమో అది. పిఠాపురంలో తీయించుకున్న ఫొటో, శివరాత్రికి పాదగయలో స్నానం చేసొచ్చి, గుడి వీధిలో స్టూడియోలో. వెనకాల తెర మీద కొండలూ నీళ్ళూ, నీళ్ళలో బాతో హంసో, చేతికి స్టూడియో వాడిచ్చిన వాచీ. దొరబాబు అనే ఆ మనిషికి అప్పుడు పాతికేళ్ళుంటాయేమో, వల లాగే చేతులు రెండూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడలకి ఆనించి నిలబడ్డాడు. అమ్మ కూడా పక్కన నిలబడాల్సిందే, ఫొటోవాడు లైటు వెయ్యగానే చంకలో ఉన్న తను కెవ్వున ఏడుపు అందుకుందట, ఊరుకోబెట్టడానికి అమ్మ బయటికి తీసుకెళ్ళిందట, ఆ సందులో నాన్న ఒక్కడే ఫొటోలో పడ్డాడు. ఆ ఒక్కటే. ఓటరు కార్డులకి ఫొటోలు తీసే వాళ్ళు తమ జాలరి పేటకి వచ్చిననాడు సముద్రం మీదికి వేటకెళ్ళి ఉన్నాడు, ఏ పెళ్ళిలోనూ ఎవరూ తియ్యలేదు, పేటలో పెళ్ళిళ్ళకి పెళ్ళికొడుకుని తీస్తే అదే గొప్ప. తొంభై ఆరులో దీపావళి ముందు తుఫాను వచ్చింది. వేటకెళ్ళినవాళ్ళలో కొందరు వచ్చారు, కొందరివి శవాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, నాన్న వెళ్ళిన పడవ చెక్క కూడా రాలేదు. ఆఫీసర్లు వచ్చి, మొగుడు పోయినట్టు ఒప్పుకుంటూ వేలిముద్ర వెయ్యమంటే అమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. చూశారా మీరు, నేను చూళ్ళేదు, అంది. పేటలో ఇంటింటా ఫొటోలకి దండలు పడ్డాయి, ఆ ఏడు బంతిపూలు దొరకలేదంటారు, తమ ఇంట్లో ఫొటో మాత్రం ఉత్తగా మేకుకి వేలాడింది, దండ లేదు, దీపం లేదు. అమ్మ బొట్టు అలాగే ఉంది, మట్టెలు అలాగే ఉన్నాయి. పేరంటాలకి పిలిచేవాళ్ళు పిలుస్తారు, పిలవనివాళ్ళు మొహం తిప్పుకుంటారు, అమ్మ ఇద్దరినీ పట్టించుకోదు. అమ్మ పేరు పాపాయి, పాపాయి మొండిది అంటారు. మొండిదే. వీరవేణికి మాత్రం నాన్న పోయాడని ఆ తుఫాను తెరిపి ఇచ్చిన పొద్దుటే తెలుసు, లోపల తెలుసు, ఒక్కనాడు కూడా పైకి అనలేదు, అంటే అమ్మ చంపేస్తుంది, చంపకపోయినా చచ్చిపోతుంది.

అందుకే ఆ పూలు అలా వచ్చాయేమో. కావాలని చేసిందా తను? కాదు, ఒట్టు, కాదు. నా ఊరు గురించి రాస్తూ నాన్న ఫొటో పెట్టాలనిపించింది, అమ్మని బతిమాలి మేకు మీంచి తీసుకొచ్చింది, కాకినాడలో స్టూడియోవాడు స్కానింగు చేసి ఫ్లాపీలో ఇచ్చాడు, ఫ్లాపీలోంచి ఈ కంప్యూటర్లోకి ఎక్కించింది, ఫొటోని మళ్ళీ మేకుకి తగిలించేసింది. తెల్లటి పేజీ మీద ఫొటో బోడిగా కనిపించింది. చుట్టూ ఏమైనా పెడదామని వెతికితే ఎవరిదో సైటులో ఉచితంగా బొమ్మలున్నాయి, తీగలున్నాయి, నక్షత్రాలున్నాయి, చేయి మాత్రం తిన్నగా గులాబీల మీదికి వెళ్ళింది. చచ్చిపోయినవాళ్ళ ఫొటో చుట్టూ పూలుంటాయి, చిన్నప్పట్నుంచీ ఏ ఇంట చూసినా అంతే, చేతికి అదే అలవాటు, దానికేం తెలుసు అమ్మ పంతం. అమ్మ ఒకరోజు చేపలమ్ముకుని వస్తూ సైటు చూస్తానని వచ్చింది. గంప గుమ్మం బయట పెట్టి, కాళ్ళు తుడుచుకుని, ఇదే కుర్చీలో అంచు మీద కూచుంది. గాజు మీద వేలు పెట్టి నాన్న చెంప తాకింది. ఇది ఎవరు సూత్తారే అంది. లోకమంతా చూడొచ్చమ్మా. బర్మావోళ్ళు కూడానా? అమ్మకి ఎప్పుడూ ఆ బర్మా ఒకటి, ఏదో ఓడ నాన్నని ఎక్కించుకుని బర్మాలో దింపిందని, అక్కడ భాష రాక, తోవ తెలియక ఉండిపోయాడని. బర్మావాళ్ళు కూడా అంది తను. అయితే కిందన రాయి, కనబడితే కబురు చెయ్యమని రాయి అంది. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు చూస్తారే, నవ్వుతారే అనబోయి, అమ్మ మొహం చూసి రాసింది. అప్పుడు పడ్డాయి అమ్మ కంట్లో ఆ పూలు.

"ఇదేంటే, దండేసేవా?"

"దండ కాదమ్మా, బోర్డరు. అందానికి పెడతారు."

"తీసెయ్."

అంతే, ఇంకో మాట లేదు, లేచి గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. తీద్దామని నిజంగానే చూసింది వీరవేణి. టేబుల్ ట్యాగు ఒకటి తీస్తే పేజీ అంతా కకావికలైంది, నాన్న ఎక్కడో అడుగుకి పోయాడు, తన పేరు రెండు ముక్కలైంది, భయమేసి మళ్ళీ ఉన్నది ఉన్నట్టు పెట్టేసింది, బాగా నేర్చుకున్నాక తీయొచ్చులే అనుకుంది. తీసేశానమ్మా అని ఇంట్లో చెప్పింది. పరీక్షలొచ్చాయి, అవి అయ్యేసరికి సముద్రం వచ్చింది.

సముద్రం రావడమేముంది, అది ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. మునపటేడు వంటిల్లు తీసుకుంది, దాని ముందటేడు ఎదురింటిని తీసుకుంది. ఈ శ్రావణ పున్నమి పోటుకి పడమటి గది గోడ దాకా వచ్చి కొట్టింది. మంచం బయటపడేశారు, బియ్యం డబ్బా బయటపడేశారు, పెట్టె లాగారు. అమ్మ మళ్ళీ లోపలికి పరిగెత్తబోయింది, ఫొటో మేకుకే ఉందని. గోడ అప్పటికే బీటలిచ్చి మట్టి రాలుతోంది. వీరవేణి నడుం పట్టుకుని వెనక్కి లాగింది, అమ్మ గింజుకుంటోంది, చేతి మీద రక్కింది కూడా, ఆ మచ్చ ఇంకా ఉంది. వద్దే అమ్మా, నాన్న ఇంటర్నెట్‌లో ఉన్నాడు, అక్కడికి ఏ సముద్రమూ రాదు, వదిలెయ్, అని అరిచింది. అమ్మ ఆగిపోయింది. నమ్మింది కనక ఆగిపోయింది. ఆ గోడ కూలి నురగలో కలిసిపోతుంటే ఇద్దరూ నిలబడి చూశారు. నమ్మకపోతే బాగుండేది, వద్దు, నమ్మకపోతే ఆ గోడ కింద ఉండేది, ఎటు తిప్పి చూసినా ఇంతే, ముందు నుయ్యి వెనక గొయ్యి. తుఫాను షెల్టర్లో చేరాక పక్కన పడుకునే చిట్టెమ్మకి, అవతలి తలుపులమ్మకి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది అమ్మ, మాది ఇల్లు పోయింది గాని వేణి అయ్య ఫొటో పైన ఇంటర్నెట్‌లో ఉంది, బర్మా దాకా కనపడుతుంది అని. ఫ్లాపీ పెట్టెలోనే ఉంది, ఆ ఉప్పుగాలికి దానికి బూజు పట్టి ఎప్పుడో చెడింది, పొద్దున జానకిరామ్ గారి దగ్గర్నుంచి తిన్నగా ఆ స్కానింగు చేసిన స్టూడియోకే వెళ్ళి అడిగింది, అప్పటివి ఎందుకుంచుతామండీ అన్నారు. ఇంక ఈ డబ్బా ఒక్కటే. ఇల్లు పోయాక ఈ సెంటరు గుమ్మం తొక్కింది లేదు, ఈలోగా ఎంతమంది కూచున్నారో, ఎవడేం చేశాడో.

"మూడో నంబరు బానే ఆడుతోందిగా అండి? ఎవరూ ఏం చెయ్యలేదు కదా?" అని అడిగింది, రాగానే అడిగిందే మళ్ళీ అడిగింది.

"ఆడుతోందమ్మా, ఆడకేం. ఎందుకలా కంగారుపడతావ్, కరెంటు రానీ," అన్నాడు గణేష్‌బాబు. ఆయన మొహంలోకి చూసి ఏదైనా తెలుస్తుందేమోనని చూసింది, చెమట తప్ప ఏం తెలియలేదు.

గుమ్మం దగ్గర నీడ పడింది. అమ్మ. ఈవేళ ఇంటర్వ్యూ అయ్యాక ఇక్కడికే వచ్చెయ్, కలిసి బస్సెక్కుదాం అని పొద్దున తనే చెప్పింది, ఆ మాటే మరిచిపోయింది. పాపాయి ఖాళీ గంప గోడకి ఆనించి, గుమ్మం మెట్టు మీద కూలబడి, పవిటతో మెడ తుడుచుకుంది. మొహమంత బొట్టు, ఎండకి కరిగి ముక్కు దాకా కారింది. లోపలికి రావమ్మా అని గణేష్‌బాబు అంటే ఒద్దు బాబూ కంపు అంది. ఏటన్నారే అని అడిగింది కూతుర్ని, తీసుకుంటామన్నారమ్మా అంటే అక్కడ్నుంచే నూకాలమ్మకి చేతులెత్తి దండం పెట్టింది. కళ్ళనీళ్ళు తిరిగాయి ఆవిడకి, సంతోషంతోనే తిరిగాయి, మరెందుకే ఇంకా ఆ చీకట్లో కూచున్నావ్ అంది. చిన్న పనుందమ్మా అంది వీరవేణి. ఇప్పుడు చెప్పాలా, ఉందో లేదో తేలాక చెప్పాలా, ఉంటే అసలు చెప్పనే అక్కర్లేదు, ఈ సాయంత్రమే పైకి పంపేసి, గులాబీలు పీకి పారేసి, ఏమీ ఎరగనట్టు బస్సెక్కొచ్చు. నూకాలమ్మ తల్లీ, ఉండేలా చూడు. తను మొక్కడం మానేసి చాలా కాలమైంది, తుఫానప్పుడు మొక్కిందే ఆఖరు. గుమ్మంలో అమ్మ గణేష్‌బాబుతో ఏదో చెబుతోంది, ఈవేళ సందువ చేపలు బాగా పడ్డాయని, మా పిల్లకి చదువు మీరే చెప్పారని, ఆయనేమో నాదేముందమ్మా అంటున్నాడు. ఆ మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టున్నాయి. నాన్న మొహం గుర్తు తెచ్చుకుందామనుకుంది, కరెంటొచ్చేలోపు ఒక్కసారి. తెర గుర్తొచ్చింది, కొండలు గుర్తొచ్చాయి, వాచీ గుర్తొచ్చింది. పాపిడి ఎటు వైపు?

ఫ్యాను కదిలింది. అన్ని గదుల్లోంచీ ఒకేసారి కీచుమని చప్పుడైంది. వీరవేణి వంగి బొత్తాం నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పరిగెత్తాయి, ఎప్పుడూ పరిగెత్తేవే, తరవాత మబ్బుల బొమ్మ రావాలి, ఈ మిషనుకి మొదట్నుంచీ మబ్బులే, మబ్బులు రాలేదు. వేరే బొమ్మ వచ్చింది, కొత్తది, రంగు రంగులది. తెర మీద పేర్లు తక్కువున్నాయి, సర్దిపెట్టినట్టు, అద్దెకిచ్చే ముందు సున్నం వేసిన ఇంట్లోలా ఉంది. అప్పుడే తెలిసిపోయింది ఆమెకి, అయినా మై డాక్యుమెంట్స్ తెరిచింది. అందులో మై పిక్చర్స్ అని ఒక్కటే ఉంది, అందులో ఎవరివీ కాని నాలుగు ప్రకృతి దృశ్యాలున్నాయి. వేణి అని వెతికించింది. తెర మీద వెతికిపెట్టే బొమ్మ కుక్కపిల్ల తోక ఆడిస్తూ చాలాసేపు వెతికి, ఏమీ లేదంది. గణేష్‌బాబు వెనకాల వచ్చి నిలబడి, నుదుటి మీద కొట్టుకున్నాడు. వైరస్ పట్టిందమ్మా మొన్నామధ్య, అన్నిటికీ కొత్త విండోస్ ఎక్కించాం, పాతదంతా తుడిచేసి ఎక్కించాలిగా, మూడోది కూడా చేశామని నాకు తట్టనే లేదు, ఎవరైనా ముఖ్యమైనవి దాచుకుంటారని, అసలెవరూ దాచుకోరు కదా ఇక్కడ, అని ఏదో అంటున్నాడు. ఫర్లేదండి అంది వీరవేణి. ఎందుకందో తెలియదు. ఫర్లేదండి, ఫర్లేదండి అని రెండు మూడుసార్లు అని, కుర్చీ వెనక్కి నెట్టి, బయటికి వచ్చి అమ్మ పక్కన మెట్టు మీద కూచుంది.

చెప్పింది. ఇంటర్నెట్‌లో లేదమ్మా, ఎప్పుడూ లేదు, ఈ డబ్బాలోనే ఉండేది, ఇప్పుడిందులోనూ లేదు, ఎవరూ చూడలేదు నాన్నని, బర్మావాళ్ళు కాదు గదా కాకినాడవాళ్ళు కూడా చూడలేదు, నేనే ఆపాను నిన్ను ఆరోజు, పూలు కూడా తియ్యలేదమ్మా నేను, అబద్ధం చెప్పాను. అన్నీ ఒక్క గుక్కలో చెప్పి తల వంచుకుంది, అమ్మ కొడుతుందనుకుంది, కొడితే బాగుండుననుకుంది. అమ్మ ఏడుస్తుందనుకుంది. పాపాయి రోడ్డు వంక చూసింది. రిక్షాలు పోతున్నాయి, ఎరువుల కంపెనీ బస్సు పోయింది. బొట్టు కారిన చోట వేలితో తుడుచుకుంది.

"పోనీలేవే," అంది. "ఆ ఫొటో అట్టుకుని ఎదికితే మాత్తరం ఇప్పుడెవరు పోల్చుకుంటారు. అప్పుడింకా కుర్రోడు. ఇప్పుడు తలంతా నెరిసిపోయుంటాది. ముందు పళ్ళు కూడా ఊడిపోయుంటాయి, ఆళ్ళమ్మకీ అలాగే ముందే ఊడిపోయేయి. ఒళ్ళొచ్చుంటాది కొంచెం. బర్మాలో తిండి మంచిదే అంటారు."

వీరవేణి అమ్మ వంక చూసింది. ఆవిడ ఊరడించడానికి అనడం లేదు, బొమ్మ చూసి చెబుతున్నట్టు చెబుతోంది, మొన్నే చూసొచ్చిన మనిషి గురించి చెబుతున్నట్టు. ఏడేళ్ళూ అమ్మ ఆయన్ని కూచోబెట్టి ఏడాదికోసారి తల నెరిపించింది, పళ్ళు రాల్చింది, ముసలాణ్ణి చేసింది, ఎవరికీ చెప్పకుండా. అమ్మకి ఫొటోతో పనే లేదు. ఇల్లు కూలిననాడు లోపలికి పరిగెత్తబోయింది ఎవరి కోసమో ఇప్పుడు తెలిసింది వీరవేణికి, పిల్లకి ఆ మొహం ఉండాలని. తనకి నాన్న మొహమంటే ఆ ఫొటో, ఇంకోటి లేదు, పద్నాలుగేళ్ళు పక్కన తిరిగిన మనిషిది ఒక్క మొహం కూడా దాచుకోలేదు, పొద్దున్నే చీకటితో వెళ్ళేవాడు, వచ్చాక వల ముందు వంగి కూచునేవాడు, వంగిన వీపు గుర్తుంది. వీపే. పోయాడని అందరికంటే ముందు ఒప్పేసుకున్నందుకు తనకి వీపు మిగిలింది. ఏడుపు వచ్చింది, మెయిన్ రోడ్డు మీద, అందరూ చూస్తుండగా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మ వీపు మీద చేయి వేసి రాసింది, చేపల వాసన చేయి.

బస్సు టైమైపోతుందిగాని లే అంది కాసేపటికి. లేచి గంప అందుకుంది. వీరవేణి లేవలేదు. మొహం తుడుచుకుని, చిన్నప్పుడు కథ మధ్యలో ఆపితే అడిగినట్టు అడిగింది.

"కళ్ళజోడు పెట్టుకుంటాడంటావా అమ్మా ఇప్పుడు?"

పాపాయి గంప నెత్తిన సర్దుకుంటూ, ఆలోచించుకోవడానికైనా ఆగలేదు.

"ఎందుకెట్టుకుంటాడు? మీ అయ్యకి నామోషీ."